బ్రేక్ ప్యాడ్ ఎంత మిగిలిందో మిల్లీమీటర్లలో చెప్పండి

ఈ మధ్య ఒక సర్వీసు చీటీ చూశాను. కారు 38 వేల కిలోమీటర్లు తిరిగింది. 'ముందు బ్రేక్ ప్యాడ్లు 60 శాతం అరిగాయి, మార్చాలి' అని రాసి, ప్యాడ్ల ధర, లేబరు, డిస్క్ స్కిమ్మింగ్ (డిస్కును లేత్ మీద చెక్కి చదును చేయడం) కలిపి అంచనా వేసిచ్చారు. ప్యాడ్లంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్కును లోపలివైపు ఒకటి, బయటివైపు ఒకటి నొక్కి కారును ఆపే ముక్కలు. వాటి మందం ఎంతుందో ఆ కాగితం మీద ఎక్కడా లేదు. లోపలి ప్యాడ్ ఎంత, బయటిది ఎంత, ఎడమ చక్రానిది ఎంత, కుడి చక్రానిది ఎంత అన్నది అసలే లేదు.

60 శాతం సరే, దేంట్లో 60 శాతం? ముందు చక్రాల కొత్త ప్యాడ్‌కి రాపిడి పదార్థం మామూలుగా 10 నుంచి 12 మి.మీ. మందం ఉంటుంది. 11 అనుకుందాం. మొత్తం 11లో 60 శాతం పోతే మిగిలింది 4.4 మి.మీ. అలా కాకుండా, 2 మి.మీ. దగ్గర ఎలాగూ తీసేయాలి కాబట్టి వాడుకోదగ్గ 9 మి.మీ.లోనే లెక్క కడితే, మిగిలింది 5.6 మి.మీ. తేడా ఒకటిన్నర మిల్లీమీటరు కూడా లేదు కదా అనిపిస్తుంది. కానీ ఇదే కారు, ఇదే డ్రైవరు, ఇవే రోడ్లు అనుకుని 3 మి.మీ. వచ్చేదాకా ఇంకెంత తిరగొచ్చో చూడండి. మొదటి లెక్కలో మరో 8 వేల కిలోమీటర్లు. రెండో లెక్కలో 18 వేల పైన. ఒకటేమో వచ్చే సర్వీసుకి మార్చమంటుంది, ఇంకోటి ఏడాదిన్నర ఆగమంటుంది. రెండింటిలో ఏదీ ఈ రోజే మార్చమనడం లేదు.

అందుకే ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిది. బ్రేక్ ప్యాడ్లను కిలోమీటర్లను బట్టి మార్చకూడదు, శాతాలను బట్టి అసలే మార్చకూడదు. ప్రతి సర్వీసులో చక్రాలు విప్పి, ఒక్కో ప్యాడ్‌నీ కొలిచి, మిల్లీమీటర్లలో రాసివ్వాలి. డబ్బు ఆదా అవుతుంది నిజమే, కానీ నేనిలా అనడానికి అసలు కారణం అది కాదు. అరిగిన తీరును బట్టే బ్రేకులో ఏం పాడైందో తెలుస్తుంది. కొలవకుండా మార్చేస్తే ఆ ఆధారం పాత ఇనుముతో పాటు చెత్తబుట్టలోకి పోతుంది.

40 వేలు అన్న మాట ఎక్కడ నిలుస్తుంది

'ఎన్ని వేలకు మార్చాలి?' అని అడిగితే చాలా షెడ్లలో వచ్చే జవాబు 40 వేలు. అబద్ధమని అనను. మన దగ్గర మామూలు పెట్రోలు కారు ముందు ప్యాడ్లు 30 వేల నుంచి 60 వేల మధ్య ఎక్కడో అయిపోతుంటాయి. ఊళ్లో తిరిగే టాక్సీకి 20 వేలకే అయిపోవచ్చు, హైవే మీద నెమ్మదిగా నడిపేవారికి 80 వేలు దాటొచ్చు. ఒకే భాగానికి ఆయుష్షులో నాలుగింతల తేడా ఉన్నప్పుడు, మధ్యలో ఉన్న అంకె ఎవరి కారుకూ సరిగ్గా కుదరదు.

ప్యాడ్‌కి దూరంతో నేరుగా సంబంధం లేదు. బ్రేకు నొక్కినప్పుడు అది ఎంత వేగాన్ని వేడిగా మార్చింది, ఆ వేడి ఎంతదాకా పోయింది అన్నవే దాన్ని అరగదీస్తాయి. కారులో ఉండే శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1,200 కిలోల కారును గంటకు 50 కి.మీ. నుంచి ఆపితే బ్రేకుల్లోకి వెళ్లేది సుమారు 1 లక్షా 16 వేల జౌళ్లు. 100 నుంచి ఆపితే 4 లక్షల 63 వేలు. అంటే హైవే మీద 100 నుంచి ఒక్కసారి ఆపడం, ఊళ్లో 50 నుంచి నాలుగుసార్లు, 30 నుంచి పదకొండుసార్లు ఆపడంతో సమానం.

దీన్నిబట్టి రెండు మాటలు చెప్పొచ్చు. హైవే కారు ప్యాడ్లు ఎక్కువ కాలం వస్తాయన్నది మామూలుగా నిజమే, ఎందుకంటే హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లేలోపు బ్రేకు వేసేది తక్కువసార్లు. కానీ ముందున్న లారీ వెనకదాకా 100లో వెళ్లి, ఒక్కసారిగా తొక్కి, పక్కకు తప్పించుకుని మళ్లీ 100 అందుకునే అలవాటున్నవారికి ఆ లాభం రాదు. రెండోది, సిగ్నల్ దగ్గర బ్రేకు మీద కాలు పెట్టి నిలబడితే ప్యాడ్లు అరుగుతాయని చాలామంది భయపడుతుంటారు. నిలబడిన చక్రం మీద రాపిడే లేదు, అరుగుదలా లేదు. ఆటోమేటిక్ కారులో బ్రేకు సగం వదిలి కారును అంగుళం అంగుళం జరుపుకుంటూ పోతే కొంచెం అరుగుతుంది గానీ, ఆ వేగంలో ఉన్న శక్తి చాలా తక్కువ.

స్పీడ్ బ్రేకర్ల సంగతి వేరు. మన ఊళ్లలో ప్యాడ్లను ఎక్కువగా తినేది అవే అని నా అంచనా. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతల ప్రకారం వేసిన స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. దాన్ని 25 కి.మీ. వేగంతో దాటొచ్చు. కాలనీవాళ్లు రాత్రికి రాత్రి పోసిన సిమెంటు గట్టును 5లో దాటాలి. అయినా ప్యాడ్ల లెక్కలో ఈ రెండింటి మధ్య తేడా అంత పెద్దది కాదు. 50 నుంచి 25కి తగ్గేసరికే ముప్పావు వంతు శక్తి పోయి ఉంటుంది. అసలు తేడా కాలు ఎప్పుడు తీశామన్నదాంట్లో ఉంది. 60లో వెళ్తూ గట్టు కనపడగానే యాక్సిలరేటర్ వదిలేసి, గేరులోనే ఉంచి, 40కి దానంతటదే తగ్గాక బ్రేకు మీద కాలు వేస్తే, బ్రేకులు మోయాల్సిన శక్తి మొదట ఉన్నదాంట్లో 44 శాతమే. ఇంటి నుంచి ఆఫీసుకు మధ్య ఇరవై గట్లున్న దారిలో రోజూ ఇలా నడిపేవారికీ, చివరిదాకా వెళ్లి తొక్కేవారికీ ప్యాడ్ల ఆయుష్షు రెండింతలు తేడా వచ్చినా ఆశ్చర్యం లేదు.

బరువు కూడా ఇదే లెక్కలోకి వస్తుంది, కాకపోతే దాని ప్రభావం నేరుగా, అంతకంతే. ఏడుగురు, పైన క్యారియర్ మీద సామాను, అన్నీ కలిపి 500 కిలోలు ఎక్కిస్తే 1,200 కిలోల కారుకు ప్రతి బ్రేకులోనూ 40 శాతం ఎక్కువ పని.

ఘాట్ రోడ్డు: ఒక్క దిగుడులో ఏం జరుగుతుంది

వేడి ఒక హద్దు దాటాక ప్యాడ్ అరిగే తీరే మారిపోతుంది. ప్యాడ్‌లోని పదార్థాలన్నిటినీ పట్టి ఉంచేది ఫినాలిక్ రెజిన్ అనే జిగురు. 200 డిగ్రీల లోపు ప్యాడ్ నిదానంగా అరుగుతుంది. 300 దాటాక ఆ జిగురు మాడడం మొదలై, పైపొర పొడిగా రాలిపోతుంది. కాబట్టి నిదానంగా వెయ్యిసార్లు వేసిన బ్రేకు కన్నా, చల్లారనివ్వకుండా కాసేపు వేసిన బ్రేకే ఎక్కువ నష్టం చేయగలదు.

తిరుమల నుంచి దిగడమే తీసుకోండి. 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డు మీదుగానే ఇప్పుడు కిందికి దిగుతున్నాం. దాదాపు 19 కిలోమీటర్ల దారి, సుమారు 700 మీటర్ల ఎత్తు తేడా. మనుషులతో కలిపి 1,500 కిలోల కారు ఆ ఎత్తు దిగేసరికి వదిలించుకోవాల్సిన శక్తి ఒక కోటి జౌళ్లు. అదే కారును 100 కి.మీ. వేగం నుంచి పదిహేడు, పద్దెనిమిది సార్లు పూర్తిగా ఆపినంత. ఇందులో పావు నుంచి మూడో వంతు దాకా టైర్ల రాపిడి, గాలి తీసుకుంటాయి. మిగతాది ఇంజనైనా మోయాలి, బ్రేకులైనా మోయాలి. చదును రోడ్డు మీద రెండు బ్రేకుల మధ్య డిస్కులకు గాలి తగిలి చల్లారుతాయి. ఘాట్‌లో 30 దాటని వేగంలో ఆ గాలీ అంతంతమాత్రమే.

ఇక్కడ ఎక్కువగా కనిపించే అలవాటు, మూడో గేరులోనో నాలుగో గేరులోనో ఉంచి బ్రేకు మీద కాలు తీయకుండా దిగడం. ఇంకా ప్రమాదకరమైనది, పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగడం. మిగిలేదేమీ లేదు. ఇప్పటి ఇంజన్లలో గేరు వేసి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంధనం పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ ఆగిపోకుండా ఉండడానికి ఇంధనం పోస్తూనే ఉండాలి. ఇక ఇంజన్ కట్టేసి దిగితే, బ్రేకు తేలిగ్గా నొక్కడానికి సాయపడే వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లతో అయిపోతుంది. ఆ తర్వాత పెడల్ రాయిలా బిగుసుకుంటుంది.

దిగేటప్పుడు రెండో గేరు. మలుపు బాగా వంపుగా ఉంటే ముందే మొదటి గేరు. ఆటోమేటిక్‌లో మాన్యువల్ మోడ్ ఉంటే అదే రెండో గేరు, లేకపోతే 'ఎల్' లేదా 'ఎస్'. వేగం పెరిగినప్పుడు బ్రేకును కాస్త గట్టిగా నొక్కి, 10 కి.మీ. తగ్గగానే పూర్తిగా వదిలేయాలి. మెత్తగా నొక్కిపట్టి ఉంచితే డిస్కుకు ఊపిరాడదు. 'ఇంజన్‌తో ఆపితే ఇంజన్, క్లచ్ పోతాయి, వాటికన్నా ప్యాడ్లే చవక' అనేవాళ్లుంటారు. ఎక్కువ వేగంలో గేరు తగ్గించి క్లచ్ టక్కున వదిలేవారి విషయంలో ఆ మాటలో కొంత నిజం ఉంది. కొండ మొదట్లోనే రెండో గేరు వేసి అలాగే ఉంచితే క్లచ్ జారేది లేదు, అరిగేది లేదు.

ఘాట్‌లో రెండు రకాల వైఫల్యాలను వేరుగా గుర్తుపట్టాలి. పెడల్ గట్టిగానే ఉంది, ఎంత నొక్కినా కారు ఆగడం లేదు, కాలిన వాసన వస్తోంది అంటే ప్యాడ్లు మరీ వేడెక్కాయి. పెడల్ మెత్తబడి కిందికి పోతోంది అంటే బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు చేరాయి. డాట్ 4 ఆయిల్ కొత్తదైతే 230 డిగ్రీలదాకా మరగదు. గాలిలోని తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమనేది ఇందుకే. పై రెండింటిలో ఏది జరిగినా చోటు చూసి ఆపి, అరగంట వదిలేయండి. వేడి డిస్కుల మీద నీళ్లు పోయకండి. ఆపిన చోట గేరులో ఉంచి, చక్రం కింద రాయి పెట్టండి. కాలే డిస్కును ప్యాడ్‌తో అలాగే నొక్కి ఉంచితే ప్యాడ్ పదార్థం ఆ ఒక్కచోటే డిస్కుకు అంటుకుని, తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ అదురుతుంది. 'డిస్కు వంకరపోయింది' అని చెప్పే కేసుల్లో చాలావాటికి కారణం ఈ అతుకుడే.

ఎవరూ చూడని లోపలి ప్యాడ్

ప్యాడ్లను పట్టి ఉంచి డిస్కు మీద నొక్కే భాగాన్ని కాలిపర్ అంటారు. మన రోడ్ల మీద తిరిగే కార్లలో చాలావాటికి ముందు ఉండేది ఒకే పిస్టన్ ఉన్న కాలిపర్. పిస్టన్ లోపలి ప్యాడ్‌ను నేరుగా డిస్కు మీదికి నెడుతుంది. అప్పుడు కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద లోపలికి జరిగి బయటి ప్యాడ్‌ను లాగి ఆనిస్తుంది. ఆ పిన్నులు వేలితో నెట్టినా జారేంత సులువుగా ఉండాలి. అవి పట్టేస్తే కాలిపర్ జరగదు, పనంతా లోపలి ప్యాడ్ మీద పడుతుంది.

ఫలితం షెడ్లలో రోజూ కనపడేదే. బయటి ప్యాడ్ 6 మి.మీ. ఉంటుంది, లోపలిది ఒకటిన్నరకు వచ్చి ఉంటుంది. చక్రం విప్పకుండా టార్చి వేసి అల్లాయ్ వీల్ సందుల్లోంచి చూస్తే కనపడేది బయటిదే. 'సగం పైనే ఉంది, ఇంకో ఏడాది చూసుకోనక్కర్లేదు' అంటారు. మూడు నెలల్లో ఇనుము ఇనుముకి తగిలి, డిస్కు మీద గాళ్లు పడి, 2,500 రూపాయల పని పది వేలకు పోతుంది. ధరలు కారును బట్టి మారతాయి గానీ, ఈ నిష్పత్తి పెద్దగా మారదు.

అరిగిన తీరును చదవడం కష్టం కాదు. లోపలిది బాగా అరిగి బయటిది మిగిలితే పిన్నులు చూడాలి. ఒకే ప్యాడ్ ఒక చివర పలచగా, ఇంకో చివర మందంగా ఉంటే, రెండు పిన్నుల్లో ఒకటి పట్టేసి ఉండొచ్చు, లేదా ప్యాడ్ చెవులు కూర్చునే క్లిప్పు కింద తుప్పు పెరిగి ప్యాడ్‌ను బిగించేసి ఉండొచ్చు. ఒక చక్రంలో రెండు ప్యాడ్లూ అయిపోయి, రెండో చక్రంలో రెండూ బాగానే ఉంటే రెండు అనుమానాలు. అరిగినవైపు పిస్టన్ వెనక్కి రావడం లేదా, లోపల వాచిన రబ్బరు గొట్టం ఆయిల్‌ను వెనక్కి వదలడం లేదా? అదీ కాకపోతే, అరగనివైపు బ్రేకే పనిచేయడం లేదా? తేల్చుకోవడం సులువు. అయిదు పది కిలోమీటర్లు బ్రేకు తక్కువ వాడుతూ నడిపి, ఆపి, చక్రాల దగ్గర చెయ్యి పెట్టండి, డిస్కును మాత్రం ముట్టుకోకండి. ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే అది పట్టేసింది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు కారు ఒకవైపు లాగుతుంటే, లాగినవైపు బాగున్నట్టు, రెండోవైపు పనిచేయనట్టు.

పిన్నులు ఎందుకు పట్టేస్తాయి? రబ్బరు తొడుగు చిరిగి నీళ్లు, దుమ్ము దూరితే. ఏళ్ల తరబడి విప్పకపోతే లోపలి గ్రీజు ఎండి బంకలా మారితే. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలికి క్లిప్పుల కింద తుప్పు త్వరగా పెరుగుతుంది. ఇవన్నీ ఒక ఎత్తు, చేతిలో ఉంది కదా అని బేరింగులకు పూసే మామూలు గ్రీజు రాయడం ఒక ఎత్తు. పెట్రోలియం గ్రీజుకు బ్రేకు రబ్బరు ఉబ్బిపోతుంది. ఆరు నెలల్లో పిన్ను మళ్లీ పట్టేస్తుంది, ఈసారి ఇంకా గట్టిగా. అక్కడ వాడాల్సింది బ్రేకుల కోసమే చేసే సిలికాన్ గ్రీజు. అదీ పలచగా. ఎక్కువ కుక్కితే గాలి బయటికి పోలేక పిన్ను వెనక్కి తన్నుతుంది.

'బ్రేక్ క్లీనింగ్' అని బిల్లులో వేసినప్పుడు

ఈ పద్దు దాదాపు ప్రతి సర్వీసు బిల్లులో ఉంటుంది. చాలాచోట్ల దీని అర్థం, చక్రం విప్పి, కంప్రెసర్ గాలి కొట్టి, ప్యాడ్ మీద ఎమరీ పేపరు రుద్ది పెట్టేయడం. ఎమరీ వల్ల మెరుపు పోయి కొన్నాళ్లు చప్పుడు తగ్గుతుంది, అంతకుమించి ప్రయోజనం లేదు. గాలి కొడితే ఆ దుమ్మంతా చేసేవాడి ఊపిరితిత్తుల్లోకే పోతుంది. తడి క్లీనర్‌తో కడిగి తుడవడమే సరైన పద్ధతి. ఆ కుర్రాడి ఆరోగ్యం కోసమైనా ఈ మాట అడగాలి.

సరిగ్గా చేస్తే పని ఇలా ఉంటుంది. కాలిపర్ విప్పి, దాన్ని గొట్టానికి వేలాడదీయకుండా వైరుతో స్ప్రింగుకు కడతారు. ప్యాడ్లు తీసి నాలుగు చోట్ల మందం కొలుస్తారు. పిన్నులు లాగి, పాత గ్రీజు పూర్తిగా తుడిచి, కొత్తది రాస్తారు. ఏ పిన్ను ఏ రంధ్రంలోదో అందులోకే వెళ్లాలి, ఎందుకంటే కొన్నిటిలో ఒకదానికి రబ్బరు చుట్టు ఉంటుంది, రెండోదానికి ఉండదు. క్లిప్పులు తీసి కింద ఉన్న తుప్పును వైరు బ్రష్‌తో గీకుతారు. ప్యాడ్ ఆ గాడిలో చేత్తో నెడితే జరగాలి. సుత్తితో కొట్టి ఎక్కించాల్సి వస్తే తిరిగి రాదు. పిస్టన్ దుమ్ము తొడుగు చిరగలేదని చూసుకుంటారు. ఒక్కో చక్రానికి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. రెండు చక్రాలూ పది నిమిషాల్లో అయిపోతే ఇవేవీ జరగలేదన్నమాట.

కొలతలో జరిగే ఒక పొరపాటు చెప్పాలి. ప్యాడ్ వెనక ఉన్న ఇనుప రేకు దాదాపు 5 మి.మీ. మందం ఉంటుంది. రేకుతో కలిపి కొలిచి '8 ఉంది' అంటే అసలు పదార్థం 3 మాత్రమే. కొలిచేది రాపిడి పదార్థాన్నే. స్కేలు లేకపోయినా ఒక గుర్తు ఉంది. పదార్థం వెనక రేకుకన్నా పలచగా కనపడుతుంటే, వచ్చే సర్వీసు లోపు మార్పిడికి సిద్ధపడాలి. 3 మి.మీ. దగ్గర మార్చేయడం మేలు. 2 కన్నా తగ్గాక నడపకూడదు.

కీచుమనే చప్పుడు వస్తుంది కదా, అప్పుడు మార్చొచ్చు అని దాని మీదే ఆధారపడేవారున్నారు. ఆ చప్పుడు చేసే చిన్న ఇనుప నాలుక చాలా కార్లలో లోపలి ప్యాడ్‌కే ఉంటుంది, చవక ప్యాడ్లకు అదీ ఉండదు. కారు అద్దాలు మూసుకుని, ఏసీ పెట్టుకుని, పాటలు వింటూ నడిపేవారికి అది వినపడాలి కూడా. వాన పడ్డ మర్నాడు పొద్దున మొదటి రెండు మూడు బ్రేకులకు వచ్చే గరగర మాత్రం డిస్కు మీది పలచటి తుప్పుది, దానికి కంగారుపడక్కర్లేదు.

ముందే మార్చేస్తే పోయేదేముంది?

దీనికి వచ్చే అభ్యంతరం బలమైనదే. ప్యాడ్లు డిస్కులకన్నా చవక, ప్రాణంకన్నా మరీ చవక. కొలిచే తీరిక, నమ్మకమైన మెకానిక్ అందరికీ దొరకరు. అలాంటివారికి 'ఫలానా కిలోమీటర్లకు కళ్లు మూసుకుని మార్చేయండి' అనే నియమమే రక్షణ కదా? ట్రావెల్స్ నడిపేవారికి, పది కార్లు చూసుకునేవారికి ఇది సౌకర్యం కూడా. వాళ్ల కార్లన్నీ ఒకే రకం, ఒకే దారి, కాబట్టి వాళ్ల అనుభవంలోంచి వచ్చిన అంకె వాళ్లకు పనికొస్తుంది. అక్కడ నాకు పేచీ లేదు.

సొంత కారుకు మాత్రం ఈ నియమం రక్షణగా కనపడుతుందే గానీ రక్షించదు. పిన్ను పట్టేసిన కారులో లోపలి ప్యాడ్ 22 వేలకే అయిపోతుంది. 40 వేల నియమం దాన్ని కాపాడదు. 40 వేలకు మార్చినా, పిన్నులు అలాగే ఉంటే కొత్త లోపలి ప్యాడ్ కూడా అదే దారిన పోతుంది. 'ఈ కంపెనీ ప్యాడ్లు ఆగడం లేదు' అని బ్రాండు మారుస్తారు. అది కూడా ఆగదు. తప్పు ప్యాడ్‌లో లేదు కాబట్టి.

పైగా ప్యాడ్లతో పాటు 'డిస్క్ స్కిమ్మింగ్' తప్పనిసరి అన్నట్టు అంటగడతారు. డిస్కు మీద లేదా దాని అంచున కనీస మందం చెక్కి ఉంటుంది. 22 మి.మీ. కొత్త డిస్కుకు 20 కనీసం అనుకుంటే, దాని జీవితమంతా ఆ 2 మిల్లీమీటర్లే. లేత్ మీద అర మిల్లీమీటరు తీసేస్తే పావు ఆయుష్షు పోయింది. స్టీరింగ్ అదురు లేదు, గోరు తట్టేంత గాళ్లు లేవు అంటే స్కిమ్మింగ్ అక్కర్లేదు, కడిగి కొత్త ప్యాడ్లు వేస్తే సరిపోతుంది. చేయిస్తే మాత్రం తర్వాత మిగిలిన మందం రాయించుకోండి.

ఏ ప్యాడ్లు అన్న ప్రశ్నకు పెద్ద చర్చ అవసరం లేదు. కారుతో వచ్చిన రకమే వేయడం మంచిది. లోహం పాలు ఎక్కువున్నవి వేడిని బాగా తట్టుకుంటాయి, కానీ డిస్కును ఎక్కువ తింటాయి, చప్పుడు ఎక్కువ. సిరామిక్‌వి నిదానంగా అరుగుతాయి, చక్రాలకు మసి అంటదు. ధర ఎక్కువ. కొన్ని ప్యాడ్ల అంచున రెండు ఇంగ్లీషు అక్షరాలు అచ్చువేసి ఉంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా వేడెక్కాక పట్టు. 'ఎఫ్ఎఫ్' అంటే రెండు స్థితుల్లోనూ రాపిడి గుణకం 0.35 నుంచి 0.45 మధ్య. 'ఈఈ' అంటే 0.25 నుంచి 0.35. ఏ అక్షరాలూ, బ్యాచ్ నంబరూ లేని ప్యాడ్‌ను ఎంత తక్కువకిచ్చినా తీసుకోకండి. ఎక్కువ కాలం అరగని ప్యాడ్ మంచిదన్న భ్రమ కూడా వద్దు. డూప్లికేట్లలో కొన్ని రాయిలా గట్టిగా ఉండి అరగవు, కారునూ ఆపవు, డిస్కును అరగదీస్తాయి.

వెనక చక్రాలు, కరెంటు కార్లు

వెనక డిస్కులకు బదులు డ్రమ్ములున్న కార్లకు లైనర్లు (డ్రమ్ము లోపల ప్యాడ్ల పని చేసే ముక్కలు) ముందు ప్యాడ్లకన్నా రెండు మూడింతలు వస్తాయి. వెనక డిస్కులుంటే మాత్రం ముందువాటికన్నా వెనకవే మొదట అయిపోయే కార్లున్నాయి. అవి మొదటే పలచగా ఉంటాయి. పైగా మెత్తగా బ్రేకు వేసినప్పుడు ముక్కు కిందికి వంగకుండా కంప్యూటరు వెనక చక్రాలకు కాస్త ఎక్కువ పని ఇస్తుంది. వీటిని మార్చడంలో ఒక జాగ్రత్త. హ్యాండ్ బ్రేక్ కూడా అదే కాలిపర్‌లో ఉంటే పిస్టన్‌ను తిప్పుతూ లోపలికి పంపాలి. నేరుగా నొక్కితే లోపలి మర విరుగుతుంది. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ అయితే ముందుగా స్కానర్‌తో సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. స్కానర్ లేని షెడ్డులో ఆ పని మొదలుపెట్టనివ్వకండి.

ఎలక్ట్రిక్ కార్లలో మోటారే చాలావరకు కారును ఆపుతుంది కాబట్టి ప్యాడ్లు లక్ష కిలోమీటర్లు దాటినా మిగలొచ్చు. అక్కడ సమస్య తిరగబడుతుంది. వాడకపోవడం వల్ల డిస్కుల మీద తుప్పు పేరుకుంటుంది, పిన్నులు పట్టేస్తాయి, ప్యాడ్ పదార్థం వెనక రేకు నుంచి ఊడి వస్తుంది. మందం కొత్తదానిలాగే ఉంటుంది, బ్రేకు మాత్రం పట్టదు. వారానికోసారి, వెనక బండ్లేవీ లేవని చూసుకుని, 60 నుంచి 10 దాకా నాలుగైదుసార్లు గట్టిగా బ్రేకు వేయడం మంచిది. రీజెన్‌ను, అంటే మోటారు కారును ఆపే పనిని, తగ్గించుకునే వీలుంటే ఆ కాసేపు తగ్గించి పెట్టండి. పిన్నుల గ్రీజు పని ఏడాదికోసారి వీటికీ తప్పదు.

ఇక ఏ కారైనా ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు బయటికి వస్తాయి, ఆ మేరకు డబ్బాలో బ్రేక్ ఆయిల్ కిందికి దిగుతుంది. తగ్గింది కదా అని పోసేస్తే, ప్యాడ్లు పలచబడ్డాయని చెప్పే గుర్తును చెరిపేసినట్టే. కొత్త ప్యాడ్లు వేసి పిస్టన్లు వెనక్కి నెట్టినప్పుడు ఆ ఎక్కువ ఆయిల్ పొంగి పెయింటు మీద పడి రంగు లేపేస్తుంది కూడా. తగ్గితే ముందు ప్యాడ్లు కొలవండి, అవి బాగుంటే ఎక్కడ కారుతోందో వెతకండి. ప్యాడ్లు మార్చాక కారు కదిలించేముందు పెడల్‌ను గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కాలి. మొదటి తొక్కుడు నేలదాకా పోతుంది. షెడ్డులోంచి వెనక్కి తీస్తూ గోడకు గుద్దేది ఇక్కడే. తర్వాత ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10కి ఎనిమిది, పదిసార్లు, పూర్తిగా ఆపకుండా, మధ్యలో కాస్త చల్లారనిస్తూ బ్రేకు వేసి, ఆపైన అయిదు కిలోమీటర్లు బ్రేకు పెద్దగా వాడకుండా నడపండి. మొదటి 200 కిలోమీటర్లు ముందు బండికి దూరం ఎక్కువ ఉంచండి, ఆ వారంలో ఘాట్ ప్రయాణం పెట్టుకోకండి. ఆ రోజు కిలోమీటర్ల రీడింగు, నాలుగు ప్యాడ్ల మందం, డిస్కు మందం బిల్లు వెనక రాయించుకుని కారులోనే పెట్టుకోండి.